గాజు తుక్కు పని పెంచుకోవాలంటే సర్కారు సాయం ఎక్కడ? ఆబిడ్స్, నాంపల్లి ఆఫీసుల్లో ఏది దేనికి

పాత సీసాలు, గాజు పెంకులు కొనే కబాడీ దుకాణాలు మన బస్తీల్లో చాలా ఉన్నాయి. పేపరు, ఇనుము, ప్లాస్టిక్ అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయి. గాజు అలా కాదు. బరువెక్కువ, రేటు తక్కువ, చేతులు కోసుకుంటాయి. అందుకే చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. గాజును కడిగి, రంగుల వారీగా వేరుచేసి, పొడి చేసి ఫ్యాక్టరీకి పంపగలిగితే మాత్రం లెక్క మారుతుంది. దానికి షెడ్డు కావాలి, మిషన్లు కావాలి. "గవర్నమెంట్ గ్రాంట్ ఏమైనా ఉందా భాయ్?" అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ముందే చెప్పాలి. "గాజు రీసైక్లింగ్ గ్రాంట్" అనే పేరుతో కబాడీ వ్యాపారికి నేరుగా చేతికొచ్చే పథకం లేదు. సొమ్ము వేరే పేర్లతో, వేరే తలుపుల గుండా వస్తుంది. అందులో ముఖ్యమైన మూడు తలుపులు ఆబిడ్స్, నాంపల్లిలోనే ఉన్నాయి. ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో పరిశ్రమల కమిషనర్ కార్యాలయం, ఎం.జె. రోడ్డులో గాంధీభవన్ ఆవరణలో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ (కేవీఐసీ) రాష్ట్ర కార్యాలయం, పబ్లిక్ గార్డెన్స్ ఎదురుగా హజ్ హౌస్‌లో మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్. మూడూ కలిపి నడిచినా గంట పట్టదు. కానీ తప్పు తలుపు ముందు తడితే నెలలు పోతాయి. (చిరాగ్ అలీ అంటే నిజాం సర్కారులో ఆర్థిక శాఖ చూసిన మౌల్వీ చిరాగ్ అలీ. 1895లో చనిపోయారు. ఇప్పటికీ జనం లెక్కలు పట్టుకుని ఆయన గల్లీకే వెళ్తున్నారు.)

గాజు ఎవరికి కావాలి?

పగిలిన గాజును ఫ్యాక్టరీ వాళ్లు కల్లెట్ అంటారు. సీసాల ఫ్యాక్టరీలో ఇసుక, సోడా యాష్, సున్నపురాయి కలిపి దాదాపు 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తారు. అందులో కల్లెట్ కలిపితే తక్కువ వేడితోనే కరుగుతుంది. ప్రతి 10 శాతం కల్లెట్‌కు ఇంధనం సుమారు రెండున్నర నుంచి 3 శాతం ఆదా అవుతుందని పరిశ్రమ లెక్క. గాజును ఎన్నిసార్లు కరిగించినా నాణ్యత పోదు. ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు.

హైదరాబాద్‌కు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. సనత్‌నగర్, బోరబండ వైపు గ్లాస్ ఫ్యాక్టరీగా అందరికీ తెలిసిన ఏజీఐ ఫ్యాక్టరీ 1970ల నుంచి నడుస్తోంది. ఇప్పుడు దాని కంపెనీ పేరు ఏజీఐ గ్రీన్‌ప్యాక్. భువనగిరిలో కూడా వాళ్లకు ప్లాంటు ఉంది. అంటే సరుకు కొనే పరిశ్రమ ఊళ్లోనే ఉంది.

అయితే ఫ్యాక్టరీ ఏది పడితే అది తీసుకోదు. తెల్లది, గోధుమ రంగుది, పచ్చది వేరువేరుగా ఉండాలి. పింగాణీ ముక్క, రాయి, ఇనుప మూత, వేడికి తట్టుకునే వంటగాజు కలిస్తే కొత్త సీసాలో గడ్డలా మిగిలిపోయి సీసా పగులుతుంది. కిటికీ అద్దం, సీసా గాజు కూడా ఒకటి కావు. ట్యూబ్‌లైట్లను అసలు ముట్టుకోవద్దు, వాటిలో పాదరసం ఉంటుంది. లాభం ఎక్కడో చూడండి: గాజు కొనడంలో లేదు, శుభ్రంగా వేరుచేయడంలో ఉంది. సబ్సిడీ నిబంధనలూ అక్కడే తిరుగుతాయి.

పీఎంఈజీపీ: పెద్ద సబ్సిడీ ఇక్కడే

ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం 2008 నుంచి ఉంది. కేవీఐసీ, రాష్ట్ర ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం దీన్ని నడుపుతాయి. 2022లో మార్చిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చు 50 లక్షల దాకా, సేవల యూనిట్‌కు 20 లక్షల దాకా ఒప్పుకుంటారు. మైనారిటీలు ప్రత్యేక కేటగిరీలో వస్తారు. కాబట్టి సొంత వాటా 5 శాతం చాలు. సబ్సిడీ పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. జనరల్ కేటగిరీ వాళ్లకు సొంత వాటా 10 శాతం, సబ్సిడీ పట్టణంలో 15, గ్రామంలో 25 శాతమే.

బీకాం చదివినవాణ్ణి కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను. గాజు కడిగే తొట్టి, వేరుచేసే బల్ల, క్రషర్, ఇనుము లాగే మ్యాగ్నెట్, షెడ్డు కలిపి ప్రాజెక్టు 12 లక్షలు అనుకుందాం. సిటీలో పెడితే మీ వాటా 60 వేలు, బ్యాంకు ఇచ్చేది 11 లక్షల 40 వేలు, సబ్సిడీ 3 లక్షలు. అదే యూనిట్ ఊరి బయట పంచాయతీ పరిధిలో పెడితే సబ్సిడీ 4 లక్షల 20 వేలు. ఎలాగూ నాంపల్లి గల్లీల్లో గాజు నలిపే మిషన్‌కు అనుమతి దొరకదు. చప్పుడు, దుమ్ము రెండూ సమస్యే. కాబట్టి ఊరి బయట ఆలోచించడం తెలివైన పని.

సబ్సిడీ చేతికి రాదు, ఇది గుర్తుంచుకోండి. బ్యాంకులో మీ పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ సరిగ్గా నడిచిందని చూశాకే లోన్‌లో జమ చేస్తారు. ఆ డిపాజిట్‌కు వడ్డీ రాదు, అంత మొత్తం లోన్‌పై వడ్డీ కూడా వేయరు. భూమి ధర ప్రాజెక్టులో కలపకూడదు. అద్దె షెడ్డు అయితే మూడేళ్ల దాకా అద్దె కలపొచ్చు. తయారీలో 10 లక్షలు దాటితే కనీసం ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. మెమో లేని మన పెద్దవాళ్లు ఇక్కడే ఆగిపోతున్నారు. అలాంటప్పుడు చదువుకున్న కొడుకు లేదా కూతురి పేరున దరఖాస్తు పెట్టడం మేలు. ఒక కుటుంబంలో, అంటే భార్యాభర్తల్లో, ఒక్కరికే ఇస్తారు.

అప్లికేషన్‌లో పని ఏమిటో రాసే చోట జాగ్రత్త. "పాత సామాన్లు కొని అమ్మడం" అని రాస్తే అది వ్యాపారం కిందికి పోతుంది, పథకం ప్రాసెసింగ్‌కు, సేవలకు. కడగడం, రంగుల వారీగా వేరుచేయడం, నలిపి కల్లెట్ చేయడం అని రాయాలి, నిజంగా అదే చేయాలి. బ్యాంకు వాళ్లు యూనిట్‌ను చూడడానికి వస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌కు, వేరే ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్న యూనిట్‌కు పీఎంఈజీపీ మొదటి లోన్ రాదు. ముందు చిన్న పథకంలో 50 వేలు తీసుకుంటే, ఆ యూనిట్ మీద తర్వాత 3 లక్షల దారి మూసుకుపోవచ్చు. ఏది ముందు, ఏది వెనక అని ఇంట్లో కూర్చుని ఆలోచించుకున్నాకే సంతకం పెట్టండి.

మరి ఉన్న యూనిట్‌ను పెంచాలంటే? దానికి పీఎంఈజీపీలోనే రెండో లోన్ ఉంది. తయారీకి ప్రాజెక్టు కోటి రూపాయల దాకా, సబ్సిడీ 15 శాతం. పీఎంఈజీపీ లేదా ముద్రా లోన్‌తో మొదలై, ఆ లోన్ తీర్చేసి, గత మూడేళ్లు లాభంలో ఉన్న యూనిట్లకే ఇది. అందుకే ముద్రా లోన్‌ను చిన్నచూపు చూడొద్దు. అందులో సబ్సిడీ లేకపోయినా, వేళకు కట్టిన రికార్డు రేపు ఈ తలుపు తెరుస్తుంది.

పై నిబంధనలు 2021-22 నుంచి 2025-26 వరకు ఆమోదించినవి. దరఖాస్తుకు ముందు కేవీఐసీ పోర్టల్‌లో తాజా మాట చూసుకోండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం. హజ్ హౌస్ మెట్ల దగ్గరైనా, ఇంకెక్కడైనా "నేను శాంక్షన్ చేయిస్తా" అనే బ్రోకర్‌కు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు.

హజ్ హౌస్‌లో ఏముంది?

మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ పథకాలు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటాయి. 2023లో మైనారిటీలకు లక్ష రూపాయలు పూర్తి సబ్సిడీతో ఇచ్చే పథకం వచ్చింది. 2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం ప్రకటించారు. అందులో 50 వేల దాకా యూనిట్‌కు పూర్తి సబ్సిడీ, లక్ష దాకా 90 శాతం, 2 లక్షల దాకా 80 శాతం, 4 లక్షల దాకా 70 శాతం. పట్టణంలో కుటుంబ వార్షికాదాయం 2 లక్షలు, గ్రామంలో లక్షన్నర మించకూడదు. 2025 జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తామన్నారు, తర్వాత వాయిదా వేశారు. దరఖాస్తు పెట్టినవాళ్లు ఎదురుచూపుల్లో పడ్డారు. అంటే ఈ సొమ్ము మీద ఆశ పెట్టుకుని షెడ్డుకు అడ్వాన్స్ ఇవ్వడం మంచిది కాదు.

వడ్డీ సంగతి కూడా మాట్లాడుకోవాలి, మన ఇళ్లలో మొదట అడిగేది అదే. పీఎంఈజీపీలో గానీ, ముద్రాలో గానీ వడ్డీ లేకుండా దారి లేదు. బ్యాంకు లోన్ లేకుండా వచ్చేది పైన చెప్పిన పూర్తి సబ్సిడీ చిన్న యూనిట్లే. దాంతో క్రషర్ రాదు. తోపుడు బండి, త్రాసు, గోనె సంచులు, మంచి గ్లౌజులు వస్తాయి. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబం గాజు సేకరణ, వేరుచేయడం వరకు చేసుకుని, నలిపే పని పెద్ద యూనిట్‌కు వదిలేయొచ్చు.

కార్పొరేషన్‌కు వచ్చే గ్రాంటు వేరు

పేపర్లలో "చెత్త రీసైక్లింగ్‌కు కేంద్రం కోట్లు" అని చదివి అది మనకే అనుకోవద్దు. 2021 అక్టోబర్‌లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ 2.0లో చెత్త వేరుచేసే కేంద్రాలకు పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరాలకు ఖర్చులో 25 శాతం కేంద్రం ఇస్తుంది. ఆ సొమ్ము మున్సిపల్ కార్పొరేషన్‌కు వెళ్తుంది.

రేపటి మార్పు మీద మాత్రం కన్నేసి ఉంచండి. 2024 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ఇచ్చింది. గాజు, కాగితం, లోహం ప్యాకింగ్ వాడే కంపెనీలే వాటి రీసైక్లింగ్ బాధ్యత తీసుకోవాలని, 2026 ఏప్రిల్ నుంచి అమలు చేయాలని అందులో ప్రతిపాదన. కంపెనీలు రిజిస్టరైన రీసైక్లర్ల కోసం వెతకాల్సి వస్తే బిల్లు, లెక్క ఉన్న యూనిట్‌కే పని దొరుకుతుంది. నోటిమాట మీద నడిచే కబాడీకి కాదు. తమిళనాడు నీలగిరిలో 2022 నుంచి మద్యం సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇస్తున్నారు. అలాంటి చోట సీసా నేరుగా దుకాణానికే వెళ్తుంది, మధ్యలో కబాడీ బేరం పోతుంది.

కాగితాలు

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ చాలు. గాజు తుక్కుకు జీఎస్టీ 5 శాతం. మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ కావాలి. మిషన్ పెట్టేముందు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా తీసుకోవాలి. 2014లో చేసిన టీఎస్-ఐపాస్ చట్టం కింద ఈ అనుమతులకు ఒకే చోట దరఖాస్తు పెట్టొచ్చు. వివరాలకు పరిశ్రమల శాఖ, అంటే చిరాగ్ అలీ లేన్.

మన దరఖాస్తులకు ఎక్కువగా అడ్డొచ్చేది పేరు. ఆధార్‌లో మొహమ్మద్, పాన్‌లో ఎండీ, రేషన్ కార్డులో మహ్మద్ అని ఉంటే కంప్యూటర్ ముగ్గురు మనుషులనుకుంటుంది. ఆడవాళ్ల విషయంలో బేగం ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోయినా అదే గతి. అప్లికేషన్ తెరవకముందే ఆధార్ కేంద్రానికి వెళ్లి అన్నిట్లో ఒకే అక్షరాలు ఉండేలా సరిచేయించుకోండి. బ్యాంకు పాస్‌బుక్ కూడా చూడండి, చాలామంది దాన్ని మరిచిపోతారు.