మీటింగులో భర్తలు, వంటింట్లో భార్యలు



తాగుడు గురించి రేడియోలో మాట్లాడతానంటే మా పక్కింటావిడ, "ఎందుకొచ్చిన గొడవండీ, మీవారికి అలవాటుందనుకుంటారు జనం" అంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. తాగేది ఆయన, దాచేది ఇల్లాలు. ఆఫీసుకి "ఒంట్లో బాగోలేదు" అని కబురు పంపేది ఆవిడే, పాలవాడికి వాయిదా చెప్పేదీ ఆవిడే. ఈ దాపరికం మాని నలుగురూ ఒకచోట కూర్చుని చెప్పుకోవడం ఎలా మొదలయిందో చెబుతాను, వినండి.

1935 మే నెల. అమెరికాలో ఆక్రన్ అనే ఊరు, టైర్లకు పేరుపడ్డది. న్యూయార్కు నుంచి వ్యాపారం పనిమీద వచ్చిన బిల్ విల్సన్ అనే ఆయన అక్కడ హోటల్లో ఒంటరిగా మిగిలిపోయారు. వచ్చిన పని చెడింది. తాగుడు మాని అయిదారు నెలలే అయింది. ఒక పక్క బారు, ఇంకో పక్క టెలిఫోను. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఆ పూట గడవదని తోచి, చర్చీల జాబితా చూసి ఫోను చేశారు. ఒకరి ద్వారా ఒకరికి పోయి, చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికారు. గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ పెట్టినాయన కోడలు. తనకు తెలిసిన డాక్టరొకాయన తాగి పాడైపోతుంటే ఏం చేయాలా అని చూస్తున్నావిడ. వెంటనే ఆ డాక్టరుగారి భార్య ఆన్ స్మిత్‌కి ఫోను చేస్తే, "ఇవాళ రాలేరు" అని జవాబు. మర్నాడు అక్కడ మాతృదినోత్సవం. డాక్టరుగారు భార్యకని పూలకుండీ తెచ్చి బల్లమీద పెట్టి, తాము బల్లకింద పడి ఉన్నారట!

మే 12న డాక్టర్ బాబ్ స్మిత్ పావుగంట మించి కూర్చోనని చెప్పి మరీ వచ్చారు. ఆరుగంటలు కూర్చున్నారు. వచ్చినాయన నీతులు చెప్పలేదు, తన కథ చెప్పుకున్నారు. అంతకుముందు స్మిత్ గారికి బుద్ధి చెప్పినవాళ్లు లేకనా? కానీ ఈ జబ్బు పడ్డవాడెవడూ ఎదురుగా కూర్చుని మాట్లాడలేదు.

మధ్యలో ఒకసారి మళ్లీ తాగారు గానీ, జూన్ 10తో ఆయన తాగుడు ముగిసింది. ఆ ఉదయం ఆపరేషను చేయాలి, చేతులు వణుకుతున్నాయి. వణుకు ఆగడానికి విల్సన్ గారే ఒక సీసా బీరు ఇచ్చారు. అదే ఆఖరుది. ఈ వణుకు సంగతి గుర్తుంచుకోండి. ఏళ్లతరబడి గట్టిగా తాగినవారు ఒక్కసారిగా మానితే ఫిట్సు రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. సీసాలు పారబోసి గదిలో పెట్టి తాళం వేయడం కాదు, ముందు డాక్టరుకి చూపించాలి.

ఆ జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. పేరు చెప్పుకోని తాగుబోతులు అన్నమాట. ఆ పేరు 1939లో వాళ్లు వేసిన పుస్తకానిది.

ఇక మన సంగతి. విల్సన్ గారి భార్య లోయిస్‌కి పెళ్లయింది 1918లో. ఆయన మానింది 1934లో. ఆ నడుమ బట్టల కొట్టుల్లాంటి పెద్ద దుకాణాల్లో ఉద్యోగం చేసి ఇల్లు గడిపింది ఆవిడే. బ్రూక్లిన్‌లో తన పుట్టింటివారి ఇంట్లో తాగుబోతులకు చోటిచ్చి, వండిపెట్టింది కూడా. భర్త మానాడు కదా, ఇంకేం కావాలి అంటారా? ఒకరోజు ఆయన "త్వరగా తెములు, మీటింగుకి ఆలస్యమవుతోంది" అన్నారు. ఆవిడ చేతిలోని చెప్పు విసిరికొట్టింది! తరువాత తనే ఆలోచించుకుంది, ఎందుకింత కోపమని. ఇన్నేళ్లు తను ఏడ్చి మొత్తుకున్నా మాననివాడు, ఎవరో బయటివాళ్ల మాటకి మానాడే అన్న ఉక్రోషం. నాకైతే ఆ చెప్పు విసరడం చాలా న్యాయంగా కనిపిస్తుంది.

భర్తలు మీటింగులో ఉంటే భార్యలు పక్కగదిలోనో వంటింట్లోనో కాఫీ కాస్తూ మాట్లాడుకునేవారు. క్రమంగా ఆ కబుర్లే వేరే మీటింగులయ్యాయి. 1951లో లోయిస్, మరో ఇల్లాలు కలిసి, ఇలాంటి 87 కూటములకు ఉత్తరాలు రాశారు. యాభైకి పైగా జవాబులొచ్చాయి. అదే అల్-ఆనాన్. భర్త మానినా మానకపోయినా భార్య వెళ్లవచ్చు. ఆయన అనుమతి, ఆయన తోడు అక్కర్లేదు.

మన దేశానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ 1957లో వచ్చింది. మద్రాసులో శాంతి రంగనాథన్ గారు, భర్తను ఈ జబ్బుకే పోగొట్టుకుని, 1980లో ఆయన పేరిట చికిత్సా సంస్థ ప్రారంభించారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డదీ ఆ 1992లోనే. 1993లో సారా పోయింది, 1995లో మద్య నిషేధం వచ్చింది, 1997లో మళ్లీ ఎత్తేశారు. కొట్టు మూయించడం ఒక పని, ఇంట్లో ఉన్న మనిషి సంగతి ఇంకో పని.

ఎక్కడ వెతకాలంటారా? పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగండి. ప్రభుత్వం వారి 14446 నంబరుకి ఫోను చేస్తే డబ్బులు పడవు. అక్కడ దగ్గరి చికిత్సా కేంద్రం చెబుతారు. మీటింగులు సాధారణంగా ఏ చర్చి గదిలోనో, బడి గదిలోనో సాయంత్రాలు జరుగుతాయి. కొన్ని తాగేవారికి మాత్రమే, కొన్నిటికి ఇంటివారూ రావచ్చు. ముందే అడిగి వెళ్లండి. హాజరుపట్టీ ఉండదు, ఇంటిపేరు అడగరు, ఫీజు లేదు. చివర్లో సంచీ తిప్పుతారు, ఉంటే వేయవచ్చు, లేకపోతే లేదు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురారు. మొదటిరోజు మీరు నోరు విప్పకపోయినా ఏమీ అనుకోరు, టీ ఇచ్చి వచ్చేవారం ఎప్పుడో చెబుతారు.