ఆగస్టు 9న ఇషిల్ పల్లెల్లో

ఏటా ఆగస్టు 9న మనం జెండా ఎగరేసి, డప్పులు కొట్టి ఆదివాసీ దినోత్సవం చేసుకుంటాం. ఆ తేదీయే ఎందుకని మా హాస్టల్ పిల్లలను అడిగితే, ఐక్యరాజ్యసమితి ప్రకటించింది కాబట్టి అంటారు. నిజమే. ఆదివాసుల సమస్యలపై ఐక్యరాజ్యసమితి కార్యవర్గం జెనీవాలో మొదటిసారి సమావేశమైంది 1982లో ఆ రోజునే.

సరిగ్గా ఆ వారాల్లోనే మధ్య అమెరికాలోని గ్వాటెమాలలో సైన్యం 'ఆపరేషన్ సోఫియా' పేరుతో ఇషిల్ ఆదివాసుల కొండలను గాలిస్తోంది. ఇషిల్‌లు మాయా తెగల్లో ఒకరు. వాళ్ల పల్లెలను తగలబెట్టారు, మొక్కజొన్న చేలను నాశనం చేశారు. అడవిలోకి పారిపోయినవాళ్లు ఆకలితో చచ్చారు.

అప్పుడు దేశాన్ని ఏలుతున్నవాడు జనరల్ రియోస్ మాంట్. 1982 మార్చిలో సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కాడు. 1976 భూకంపం తర్వాత సహాయానికని కాలిఫోర్నియా నుంచి వచ్చిన మిషనరీలు పెట్టిన చర్చిలో ఆయన సభ్యుడు. అధికారం ఇచ్చేది దేవుడే, తీసేసేది దేవుడే అన్నాడు. చర్చి పెద్దలిద్దరిని సలహాదారులుగా పెట్టుకున్నాడు. ఆదివారాల్లో టీవీలో నీతి గురించి, కుటుంబం గురించి ప్రసంగించేవాడు. మాతో ఉన్నవాళ్లకు చిక్కుడుగింజలు, లేనివాళ్లకు తుపాకులు అన్నది ఆ ప్రభుత్వ విధానం. అమెరికాలో పేరున్న టీవీ ప్రసంగీకుడు పాట్ రాబర్ట్‌సన్ ఆయనకు అండగా నిలిచాడు. అధ్యక్షుడు రీగన్ 1982 డిసెంబరులో ఆయనను కలిసి, అన్యాయంగా నిందలు వేస్తున్నారన్నాడు.

హత్యలు ఆయనతో మొదలుకాలేదు. వెనక భూమి గొడవ ఉంది, కమ్యూనిజం భయం ఉంది. కానీ పాలకుడు తనను దేవుడే కూర్చోబెట్టాడని నమ్మాక, ఎదురు చెప్పినవాడు దేవుడికే శత్రువవుతాడు. ఇక తప్పు చేశావని ఎవరు చెప్పాలి? నా దృష్టిలో ఛాందసం అంటే ఇదే. ప్రార్థన చేయడం ఛాందసం కాదు.

ఎందుకంటే చచ్చినవాళ్లలోనూ క్రైస్తవులు చాలామంది. పల్లెల్లో బైబిలు పాఠాలు చెప్పే కేథలిక్ ఉపదేశకులను వెతికి మరీ చంపారు. అక్కడి బిషప్ హెరార్డి 1980లో తన డయోసిస్‌నే మూసేయాల్సి వచ్చింది. సైన్యం అనుమానం నుంచి తప్పించుకోవడానికి కొందరు ఇషిల్‌లు కొత్త చర్చిల్లో చేరారు. ఇష్టపడి మారడం వేరు, ప్రాణభయంతో మారడం వేరు. మా హాస్టల్లో ఆదివారం ప్రార్థనకు వెళ్లే పిల్లలున్నారు, కొత్తల పండగకు ఇంటికి పోయేవాళ్లున్నారు. ఒకరినొకరు వెక్కిరించుకున్న రోజున నేను ఈ కథే చెప్తాను.

గ్వాటెమాల అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారని, లేదా మాయమయ్యారని 1999లో సత్యశోధన సంఘం తేల్చింది. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలే. 2013లో రియోస్ మాంట్‌ను బోనెక్కించారు. 1,771 మంది ఇషిల్‌ల హత్యలు ఆ కేసులో ఉన్నాయి. తమపై జరిగిన అత్యాచారాలను ఆడవాళ్లు కోర్టులో తమ ఇషిల్ భాషలోనే చెప్పారు, దుబాసీలు స్పానిష్‌లోకి మార్చారు. మే 10న న్యాయమూర్తి యాస్మిన్ బారియోస్ 80 ఏళ్ల శిక్ష చదివారు. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. మళ్లీ విచారణ నడుస్తుండగా 2018 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో మరో కోర్టు, ఇషిల్‌లపై జరిగింది జాతి నిర్మూలనేనని చెప్పింది.