వంటింటి యంత్రాల ధర, విలువ: రామగుండం బొగ్గు ప్రాంతం – ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• రామగుండం బొగ్గు ప్రాంతంలో వంట ఇంధనం, వంటింటి పరికరాలు మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• ఒక వస్తువు ధరకూ, అది ఇచ్చే ప్రయోజనానికీ మధ్య తేడాను లెక్కకట్టి చూపగలుగుతారు.
• ఒకే యంత్రం వేర్వేరు కుటుంబాలకు వేర్వేరు విలువను ఎందుకు ఇస్తుందో విశ్లేషించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. వంటింటికి కూడా చరిత్ర ఉంది. పొయ్యిలో ఏ ఇంధనం మండింది, నీళ్లు ఎవరు మోశారు, పిండి ఎవరు విసిరారు అన్న ప్రశ్నలకు జవాబు వెతికితే ఒక సమాజపు ఆర్థిక స్థితి, అందులో స్త్రీల శ్రమ, ప్రభుత్వ విధానం మూడూ బయటపడతాయి.

మూడు వేల రూపాయలకు ఒక మిక్సీ దొరుకుతుంది, తొమ్మిది వేలకు మరొకటి దొరుకుతుంది. ఆ అదనపు ఆరు వేలకు తగిన ప్రతిఫలం ఉందా? ఇది దుకాణంలో నిలబడి తేల్చుకునే ప్రశ్నలాగా కనిపిస్తుంది. అయితే దీనికి సరైన జవాబు చెప్పాలంటే గతాన్ని పరిశీలించాలి. దేశానికి బొగ్గును, కరెంటును అందించిన రామగుండం, గోదావరిఖని ప్రాంతం ఈ పరిశీలనకు చాలా అనువైనది.

2. బొగ్గు పట్టణం ఏర్పడిన తీరు

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిల్వలను గుర్తించారు. 1889లో అక్కడ తవ్వకం మొదలయింది. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలను కొనడంతో అది ప్రభుత్వ అజమాయిషీలోకి వచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న రామగుండం ప్రాంతంలో గనులు 1960ల నుంచి విస్తరించాయి. ఊళ్లలో వ్యవసాయ కూలీలుగా, చేతివృత్తులవారుగా ఉన్న కుటుంబాలు గోదావరిఖనికి తరలివచ్చాయి.

ఆ తరువాత ఇక్కడికి మరికొన్ని పరిశ్రమలు వచ్చాయి. 1971లో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం, 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించాయి. 1983లో ఎన్‌టీపీసీ మొదటి యూనిట్ పనిచేయడం మొదలుపెట్టింది. 2004 నాటికి ఆ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. ఎరువుల కర్మాగారం మాత్రం 1999లో మూతపడింది. ఈ చివరి సంగతిని గుర్తుంచుకోండి, ముందు దీనితో పని ఉంది.

3. గని షిఫ్టు, వంటింటి షిఫ్టు

గనిలో పని మూడు షిఫ్టులుగా నడుస్తుంది. మొదటి షిఫ్టుకు వెళ్లే భర్తకు తెల్లవారకముందే టిఫిన్ డబ్బా సిద్ధం కావాలి. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవారికి పొద్దున వేడి నీళ్లు, అన్నం కావాలి. తండ్రి ఒక షిఫ్టులో, కొడుకు మరొక షిఫ్టులో ఉన్న ఇంట్లో పొయ్యికి విశ్రాంతి ఉండేది కాదు. 1952 నాటి గనుల చట్టం భూగర్భ గనుల్లో స్త్రీల పనిని నిషేధించింది. 2019లోగాని ఆ నిబంధన సడలలేదు. కాబట్టి గని కార్మిక కుటుంబంలో స్త్రీల శ్రమలో ఎక్కువ భాగం జీతం లేని వంటింటి పనిగానే సాగింది.

కార్మికుల ఇళ్లలో ఒకప్పుడు బొగ్గుల పొయ్యి మీదనే వంట. పొయ్యిని ఆరుబయట కట్టెపుల్లలతో రాజేసి, పొగ తగ్గిన తరువాత లోపలికి తెచ్చేవారు. బొగ్గు పెళ్లలు పగలగొట్టడం, బూడిద ఎత్తడం, మసిబారిన గిన్నెలు తోమడం రోజువారీ పనులు. రోలు, రోకలి, ఇసుర్రాయి ఇంటి సామగ్రిలో ముఖ్యమైనవి. బొగ్గు సులువుగా దొరికింది కాబట్టి వంట ఖర్చు తక్కువే అనిపించేది. ఆ లెక్కలో పొగ పీల్చిన స్త్రీల ఆరోగ్యం, పొయ్యి దగ్గర గడిచిన గంటలు చేరలేదు. ఖర్చు లేనట్టు కనిపించే వస్తువుకు కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు. ఈ భాగంలో మీరు గ్రహించవలసిన మొదటి విషయం ఇదే.

4. మార్పు తెచ్చినవి ఏవి?

మన దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ 1959 ప్రాంతంలో ఊపందుకుంది. జపాన్‌లో తోషిబా సంస్థ 1955లో ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మిక్సీ కథ మన అంశానికి మరింత దగ్గరగా ఉంటుంది. ముంబయికి చెందిన ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో ఉన్న జర్మనీ మిక్సీ మన మసాలాల రుబ్బుడుకు తట్టుకోలేక చెడిపోయింది. దాంతో ఆయన మన వంటకు తగిన గట్టి మోటారుతో కొత్త యంత్రాన్ని తయారుచేశారు. అదే సుమీత్ మిక్సీ. విదేశీ యంత్రం నాసిరకమని దీని అర్థం కాదు. అది వేరే వంటకోసం తయారైనది. పసుపు కొమ్ములకు, ఎండు కొబ్బరికి, నానబెట్టిన పప్పుకు కావలసిన బలం వేరు.

వంట గ్యాస్ రాక ఇంతకన్నా పెద్ద మార్పు. పర్మినెంట్ కార్మికుల ఇళ్లలో బొగ్గు స్థానంలోకి క్రమంగా గ్యాస్ వచ్చింది. పేద కుటుంబాల స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చే దీపం పథకాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వం 2016లో ఉజ్వల పథకాన్ని తెచ్చింది.

ఈ క్రమాన్ని జాగ్రత్తగా చూడండి. నల్లా నీరు, కరెంటు, గ్యాస్, ఆ తరువాత ఒక సాధారణ కుక్కర్, ఒక సాధారణ మిక్సీ. శ్రమను ఎక్కువగా తగ్గించినవి ఇవే. రోలు నుంచి మిక్సీకి మారినప్పుడు అరగంట పని అయిదు నిమిషాలకు తగ్గుతుంది. మామూలు మిక్సీ నుంచి ఖరీదైన మిక్సీకి మారినప్పుడు ఆ అయిదు నిమిషాలు మహా అయితే నాలుగవుతాయి. మొదటి మెట్టు దగ్గర లాభం ఎక్కువ, పై మెట్లకు పోయేకొద్దీ లాభం తగ్గుతుంది, ధర మాత్రం పెరుగుతుంది. అర్థశాస్త్రంలో దీనినే క్షీణోపాంత ప్రయోజనం అంటారు.

5. యంత్రం వచ్చింది, పని తగ్గిందా?

అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రచురించిన గ్రంథంలో ఒక ముఖ్యమైన వాదన చేశారు. గృహోపకరణాలు ఇంట్లో పురుషులు, పిల్లలు చేసే పనిని ఎక్కువగా తొలగించాయనీ, స్త్రీల పని గంటలు ఆశించినంతగా తగ్గలేదనీ ఆమె చూపారు. మన ప్రాంతానికి దీనిని అన్వయించి చూడవచ్చు. బొగ్గు తేవడం, పగలగొట్టడం, గిర్నికి గింజలు మోయడం వంటి పనుల్లో మగవారికీ పిల్లలకూ కొంత వాటా ఉండేది. గ్యాస్ వచ్చాక ఆ వాటా పోయింది. మిక్సీ వచ్చాక రోజూ తాజా చట్నీ కావాలనే కోరిక పెరిగింది. ఫ్రిజ్ వచ్చాక అందులో సర్దడం, శుభ్రం చేయడం కొత్త పనులయ్యాయి.

ఖరీదైన యంత్రం ప్రకటనలో స్త్రీకి విశ్రాంతినిస్తానని చెబుతుంది. ఇంట్లో పని పంపకం మారకుండా ఆ విశ్రాంతి దొరకదు. పైగా జొన్నరొట్టె చేత్తోనే కొట్టాలి, సకినాలు చేత్తోనే చుట్టాలి. కేకులు చేయని ఇంట్లో పెద్ద ఓవెన్ చివరికి గిన్నెలు దాచుకునే పెట్టె అవుతుంది.

6. అదనపు ధరను లెక్కించే పద్ధతి

ఇప్పుడు మూడు ఉదాహరణలు చూద్దాం. వీటిలోని ధరలు, కరెంటు రేట్లు లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ లెక్కించండి.

(అ) మిక్సీ: 750 వాట్ల మిక్సీని రోజుకు 20 నిమిషాలు వాడితే పావు యూనిట్, ఏడాదికి సుమారు 91 యూనిట్లు అవుతుంది. యూనిట్ 5 రూపాయలనుకుంటే ఏడాదికి 455 రూపాయలు. ఖరీదైన మిక్సీ ఇందులో పదో వంతు ఆదా చేసినా ఏడాదికి 46 రూపాయలకు మించదు. కాబట్టి కరెంటు ఆదా పేరుతో మిక్సీకి ఎక్కువ ధర పెట్టడం సమంజసం కాదు. మన్నిక లెక్క వేరు. 3,000 రూపాయల మిక్సీ 5 ఏళ్లు, 9,000 రూపాయల మిక్సీ 15 ఏళ్లు పనిచేస్తే రెండింటికీ ఏడాదికి 600 రూపాయలే పడుతుంది. ఖరీదైనది 15 ఏళ్లు దాటితేనే లాభం. అది కూడా జార్లు, బ్లేడ్లు, కప్లర్లు అంతకాలం దొరికితే, బాగుచేసే మనిషి దగ్గరలో ఉంటేనే.

(ఆ) గ్యాస్ పొయ్యి: భారతీయ ప్రమాణాల ప్రకారం గృహ వినియోగ గ్యాస్ పొయ్యికి కనీసం 68 శాతం ఉష్ణ సామర్థ్యం ఉండాలి. 72 శాతం సామర్థ్యం ఉన్న పొయ్యి కొంటే, ఏడాదికి 9 సిలిండర్లు వాడే ఇంట్లో అర సిలిండర్ మిగులుతుంది. సిలిండర్ 900 రూపాయలైతే ఇది ఏడాదికి 450 రూపాయలు. దీనికోసం వెయ్యి, రెండు వేలు అదనంగా పెట్టవచ్చు. పైన మెరిసే గాజు పలకకోసం పది వేలు పెడితే అది అలంకారానికి పెట్టిన ఖర్చే.

(ఇ) ఫ్రిజ్: ఇది రోజంతా పనిచేసే యంత్రం, కాబట్టి ఇక్కడ సామర్థ్యానికి విలువ ఉంది. ఎక్కువ స్టార్లున్న ఫ్రిజ్ ఏడాదికి 80 యూనిట్లు ఆదా చేస్తే 400 రూపాయలు. అదనపు ధర 2,400 అయితే ఆరేళ్లలో తిరిగి వస్తుంది.

భద్రత సంగతి వేరు. గృహ వినియోగ ప్రెషర్ కుక్కర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తును 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేశారు. ఆ గుర్తు లేని చవక కుక్కర్ ఏ ధరకు దొరికినా కొనదగినది కాదు.

7. ఎవరి జేబు నుంచి?

పై లెక్క అందరికీ ఒకటే అనుకుంటే పొరపాటు. గోదావరిఖనిలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. కంపెనీ క్వార్టర్లో కరెంటు భారం కార్మికుడిపై చాలా తక్కువగా పడుతుంది. అక్కడ ఎక్కువ స్టార్ల ఫ్రిజ్ వల్ల ఆదా అయ్యేది ప్రధానంగా కంపెనీ డబ్బు. బస్తీలో అద్దెకు ఉండే కాంట్రాక్టు కార్మికుడికి యూనిట్ యూనిట్‌కూ లెక్క ఉంటుంది. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద అర్హత గల ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకానికి బిల్లు లేదు. ఆ హద్దు దగ్గరలో ఉన్న ఇంటికి నెలకు ఏడెనిమిది యూనిట్ల ఆదా కూడా మొత్తం బిల్లును తప్పించగలదు. అంటే పొదుపు యంత్రం అవసరం పేద ఇంటికే ఎక్కువ, దానిని కొనే శక్తి మాత్రం ఆ ఇంటికే తక్కువ.

ఈ తేడా ఎంత ఉందో చూడండి. 2023-24 సంవత్సరపు లాభాల్లో వాటాగా సింగరేణి పర్మినెంట్ కార్మికులకు 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి 1 లక్షా 90 వేల రూపాయలు. అదే సందర్భంలో కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా ఒక్కొక్కరికి 5,000 రూపాయలు ప్రకటించారు. అదే గని, అదే దుమ్ము, అదే దసరా. ఒక ఇంట్లో ఆ డబ్బుతో ఖరీదైన ఫ్రిజ్, చిమ్నీ రెండూ వస్తాయి. మరొక ఇంట్లో మామూలు మిక్సీ కొన్నాక పండుగ సరుకులకు మిగిలేది కొద్దిగానే. రెండో ఇంటికి మన్నికైన యంత్రం దీర్ఘకాలంలో చవక అని చెబితే ఆ మాట నిజమే, కాని వారికి ఉపయోగపడదు. వాయిదాల మీద కొంటే వడ్డీ, రుసుముల రూపంలో ధర మరింత పెరుగుతుంది.

ఎరువుల కర్మాగారం మూతపడిన సంగతిని ఇప్పుడు గుర్తుచేసుకోండి. పదేళ్లలో తిరిగి వచ్చే లాభం పదేళ్లపాటు నిలకడైన ఆదాయం ఉన్నవారికే లాభం. ఉద్యోగ భద్రత లేని కుటుంబం చేతిలో డబ్బు ఉంచుకుని చవక వస్తువు కొనడం తెలివితక్కువతనం కాదు. అది తన పరిస్థితిని బట్టి వేసుకున్న లెక్క.

8. సారాంశం

రామగుండం ప్రాంతంలో వంటింటి శ్రమను ఎక్కువగా తగ్గించినవి నీరు, కరెంటు, గ్యాస్, సాధారణ కుక్కర్, సాధారణ మిక్సీ. వీటిలో మొదటి మూడూ ఉమ్మడి ఏర్పాట్లతో వచ్చినవి. ఖరీదైన యంత్రానికి పెట్టే అదనపు ధర మూడు సందర్భాల్లో సమర్థనీయం: యంత్రం రోజూ ఎక్కువసేపు పనిచేసేదైనప్పుడు, మన వంటకు తగినదై విడిభాగాలు దొరికేటప్పుడు, భద్రతకు సంబంధించినదైనప్పుడు. హంగుకోసం పెట్టేది ఇష్టమే కాని పొదుపు కాదు. ఇల్లు మారితే, ఆదాయపు నిలకడ మారితే జవాబు కూడా మారుతుంది. పొదుపు యంత్రం అవసరమైన ఇంటికి అందాలంటే కొనుగోలుదారు తెలివి ఒక్కటే చాలదు. వేతనం, విధానం కూడా మారాలి.

9. మీ ప్రగతిని సరిచూసుకోండి

I. క్రింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. సుమీత్ మిక్సీ పుట్టుక నుంచి యంత్రానికీ వంట అలవాట్లకూ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. కోవన్ వాదన మీ కుటుంబానికి ఎంతవరకు వర్తిస్తుంది?

II. క్రింది ప్రశ్నకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. ఒకే యంత్రం పర్మినెంట్ కార్మికుడి ఇంట్లోనూ, కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లోనూ వేర్వేరు విలువను ఎందుకు కలిగి ఉంటుందో చర్చించండి.

III. కృత్యం: మీ ఇంట్లోని పెద్దలలో ఒకరిని అడిగి, వారు వాడిన పొయ్యిలు, రుబ్బే పరికరాలు ఏ క్రమంలో మారాయో, ప్రతి మార్పుతో ఎవరి పని తగ్గిందో, ఎవరి పని పెరిగిందో ఒక పట్టికగా రాయండి.