కారకాస్ హోటళ్ళ కథ

సరకు అమ్ముడుపోనిచో వర్తకుడు దానిని మూటగట్టి మరియొక పట్టణమునకు కొనిపోవచ్చును. హోటలు కట్టినవానికి ఆ వెసులుబాటు లేదు. అతని ధనము ఆ యూరి మట్టిలో పునాదియై నిలిచిపోవును. కావున అతడు తన కట్టడముకన్న ముందు ఆ నగరమును తూచి చూడవలెను. ఈ తూకమునకు దక్షిణ అమెరికాలోని వెనిజులా రాజధాని కారకాస్ చరిత్ర మంచి నిదర్శనము.

1567లో స్పెయిన్ వారు స్థాపించిన ఈ నగరము సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, ఆవిలా పర్వతపాదమున గలదు. చిరకాలము ఆ దేశమునకు కోకో, కాఫీ పంటలే ఆధారము. 1922 డిసెంబరులో మరకైబో సరస్సు తీరమున ఒక బావినుండి తొమ్మిది దినములపాటు చమురు ఎగజిమ్మెను. దానితో దేశముయొక్క దశ మారినది. కంపెనీ అధికారులు, ఇంజనీర్లు, వర్తకులు రాజధానికి రాసాగిరి.

వారికి తగిన బస కావలసివచ్చెను. నెల్సన్ రాక్‌ఫెల్లర్ పూనికతో 1942లో హోటల్ ఆవిలా వెలసెను. 1953లో పాన్ అమెరికన్ విమాన సంస్థకు చెందిన హోటళ్ళ శాఖ నిర్వహణలో తమనాకో ప్రారంభమయ్యెను. సముద్రతీరమునుండి కారకాస్‌కు కొండలను చీల్చుకొని వచ్చు నూతన రహదారియు ఆ యేటనే తెరువబడెను. అతిథులున్నారు, దారియున్నది, చమురు ధనమున్నది. ఆ లెక్కలో తప్పు లేదు.

కాని 1956లో నియంత పెరెజ్ హిమేనెజ్ సుమారు 2,100 మీటర్ల ఎత్తున, ఆవిలా శిఖరముపై హంబోల్ట్ హోటలు కట్టించెను. తీగలపై నడచు బండియే దానికి ముఖ్యమైన దారి. అది అతిథుల అవసరమునకన్న పాలకుని ప్రతిష్ఠకై వెలసిన కట్టడము. 1958 జనవరి 23న ఆ నియంత పదవీచ్యుతుడయ్యెను. పిమ్మట ఆ సుందర సౌధము దశాబ్దాల తరబడి చాలవరకు మూతబడియే యుండెను.

1969లో హిల్టన్ వచ్చెను. 1973లో చమురు ధర పెరుగుటతో నగరము మరల కళకళలాడెను. ధర పడిపోగా 1983 ఫిబ్రవరి 18న నాణెముయొక్క విలువ తగ్గింపబడెను; ఆ దినము ‘నల్ల శుక్రవారము’గా పేరొందినది. 2007లో హిల్టన్ భవనము ప్రభుత్వ నిర్వహణలోనికి పోయి, ఆల్బా యని పేరు మార్చుకొనెను. టిక్కెట్ల సొమ్మును డాలర్లుగా మార్చుకొని కొనిపోవుట దుస్సాధ్యము కాగా, 2016లో లుఫ్తాన్సా వంటి సంస్థలు విమానములను నిలిపివేసినవి. విమానము రాని యూర హోటలు గదులెట్లు నిండును? ఆ గదులను నమ్ముకొన్న వంటవారు, పనివారు ఎట్లు బ్రతుకుదురు?

కావున పెట్టుబడిదారుడు నేడు గదులు నిండినవా యని మాత్రమే అడిగిన చాలదు. అతిథులు ఏ పనిమీద వచ్చుచున్నారు? ఆ పని ఆగినచో రప్పింపగల మరియొక కారణము కలదా? ఆర్జించిన సొమ్ము చేతికి వచ్చునా? పాలకులు మారినను ఒప్పందము నిలుచునా? ఈ నాలుగు ప్రశ్నలకును జవాబు చూచుకొనవలెను. కారకాస్ కొరత అందమునందు కాదు, వాతావరణమునందు కాదు. ఒక్క చమురునే నమ్ముకొనుటయందు.

దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనుమని మన పెద్దల మాట. ఆ దీపములోని చమురు ఎన్నాళ్ళు వచ్చునో కూడ చూచుకొనుట వివేకము.