గురుకుల విద్యార్థుల ఎవరెస్టు ఆరోహణ

గురుకుల విద్యార్థుల ఎవరెస్టు ఆరోహణ 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయాల సంస్థ చేపట్టిన పర్వతారోహణ యాత్ర. ఇందులో మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరుకున్నారు.

నేపథ్యము

ఈ గురుకులాలు ప్రధానంగా దళిత, పేద కుటుంబాల పిల్లలకు ఉచిత వసతితో విద్య నందిస్తాయి. పూర్ణ నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆనంద్ స్వస్థలం గోదావరి తీరపు మన్యంలోని చర్ల ప్రాంతం. అప్పటి సంస్థ కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ కార్యక్రమానికి రూపకల్పన చేశారు.

శిక్షణ

తెలుగునాట మంచుకొండలు లేవు. అందువలన తొలి శిక్షణ భువనగిరి కొండపై జరిగింది. శేఖర్ బాబు బచినేపల్లి శిక్షకులుగా వ్యవహరించారు. అనంతరం ఎంపికైనవారికి డార్జిలింగులోను, లడఖ్‌లోను మంచుపై నడక, చలికి తట్టుకొనుట అలవరచారు. ప్రతి దశలోను వడపోత జరిగి చివరకు ఇద్దరు మిగిలారు.

ఆరోహణ

నేపాల్ ప్రభుత్వం 16 ఏండ్ల లోపువారికి అనుమతి ఇవ్వదు. కావున బృందం టిబెట్ వైపు మార్గాన్ని ఎంచుకున్నది. ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది షెర్పాలు, ఇతర సహాయకులు మరణించారు. అయినను యాత్ర ఆగలేదు. 13 ఏండ్ల 11 నెలల వయసులో పూర్ణ ఎవరెస్టు నధిరోహించిన అతి పిన్న వయస్కురాలైన బాలికగా నిలిచింది. ఇంత చిన్నవారిని అంతటి అపాయానికి గురిచేయవచ్చునా అన్న ప్రశ్న మాత్రం నేటికీ చర్చనీయమే.

తదనంతర పరిణామాలు

యాత్ర ముగిసిన కొద్దిరోజులకే, జూన్ 2న, రాష్ట్రం విడిపోయింది. 2017లో రాహుల్ బోస్ దర్శకత్వంలో పూర్ణ జీవితం హిందీ చలనచిత్రంగా వచ్చింది. 2022లో ఆమె ఏడు ఖండాల అత్యున్నత శిఖరాల అధిరోహణ పూర్తిచేసింది.