పొగాకు సీమలో ల్యాబులు వెలిసిన కథ

1950ల తొలినాళ్లలో అమెరికాలోని నార్త్ కరోలినాకు తెలిసిన బతుకుతెరువులు పొగాకు, బట్టల మిల్లులు, ఫర్నిచర్. మూడింటిలోనూ కూలి అంతంతమాత్రమే. తలసరి ఆదాయంలో ఆ రాష్ట్రం దేశంలో అట్టడుగు వరసలో ఉండేది. 

చదువుకు మాత్రం కొదవ లేదు. డర్హమ్‌లో డ్యూక్, చాపెల్ హిల్‌లో, రాలీలో రాష్ట్ర విశ్వవిద్యాలయాలు. డ్యూక్ పెరిగిందే పొగాకు సొమ్ముతో. అయినా పట్టా చేతికొచ్చిన పిల్లలు పెట్టే బేడా సర్దుకుని వేరే రాష్ట్రాలకు పోయేవారు.

ఈ మూడు ఊళ్ల మధ్యకు కంపెనీల పరిశోధన ల్యాబులను రప్పించాలంటూ, వాటిని కలిపి ‘రీసెర్చ్ ట్రయాంగిల్’ అన్నవాడు రోమియో గెస్ట్ అనే బిల్డింగ్ కాంట్రాక్టర్. ల్యాబులొస్తే కట్టే పని తనకు దొరుకుతుందని ఆయన ఆశ. బట్టల పరిశ్రమ నుంచి వచ్చిన గవర్నర్ లూథర్ హాడ్జెస్ ఆ ఆలోచనను తలకెత్తుకున్నాడు. ప్రొఫెసర్లు బ్రోషర్లు పట్టుకుని కంపెనీల గడపలు తొక్కారు. 1957లో కార్ల్ రాబిన్స్ అనే మిల్లుల ఆసామి డబ్బుతో పైన్ చెట్ల మధ్య పరిశోధన పార్కు కోసం భూములు కొనడం మొదలైంది. కానీ ఆ భూముల కంపెనీ షేర్లు కొనేవారే కరువయ్యారు.

1958లో ఆ షేర్లు అమ్మిపెట్టమని బ్యాంకర్ ఆర్చీ డేవిస్‌ను అడిగారు. రాష్ట్రం బాగు కోసమైతే లాభం ఆశ చూపడమెందుకు, విరాళమే అడుగుదాం అన్నాడాయన. కొద్ది నెలల్లోనే విరాళాలు 14 లక్షల డాలర్లు దాటాయి. 1959 నాటికి భూమి లాభాపేక్ష లేని ఫౌండేషన్ చేతికి వచ్చింది. నా దృష్టిలో కథ మలుపు తిరిగింది ఇక్కడే. ఒకరి రియల్ ఎస్టేట్ వ్యాపారానికి విశ్వవిద్యాలయాలు తమ పేరు ఎలా అరువిస్తాయి?

అయినా ఆ తర్వాత కొన్నేళ్లు పార్కు చాలావరకు ఖాళీగానే పడి ఉంది. 1965లో ఐబీఎం వస్తానంది, పర్యావరణ ఆరోగ్యంపై కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థా ఖాయమైంది. దాంతో దశ తిరిగింది. ఇవాళ సబ్బు బిళ్ల మీదా కనిపించే బార్‌కోడ్‌కు 1970ల మొదట్లో రూపమిచ్చిన జార్జ్ లారర్ అక్కడి ఐబీఎం ఇంజనీరే.

ఈ వెలుగు రాష్ట్రమంతా పాకిందనుకుంటే పొరపాటు. 2003లో కనాపొలిస్‌లో పిల్లోటెక్స్ మిల్లు మూతపడి, వేల మంది ఒక్కసారిగా వీధిన పడ్డారు. వాళ్లలో చాలామంది హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. పార్కులో కొలువులేమో డిగ్రీలున్నవాళ్లవి.