సన్నాయి సాయిబులూ, డీజే బండీ

గుంటూరు, ప్రకాశం జిల్లాల పెళ్లిళ్లలో సన్నాయి ఊదిన పెదాల్లో చాలా పెదాలు కలిమా చదివినవే. 'గట్టిమేళం' అని పురోహితుడు కేకేస్తే ఊపిరి బిగబట్టి సన్నాయి అందుకున్నది దూదేకుల సాయిబు. పక్కన డోలు మోగించింది మంగలి. ఎవరి నిష్ఠలు వాళ్లకున్న ఊళ్లలో మూడుముళ్లకి మంగళధ్వని మాత్రం వీళ్లిద్దరే పలికించారు. ఇది మన చరిత్ర. పాఠ్యపుస్తకాల్లో వెతక్కండి, కనిపించదు.

ఇది పత్తి నేల. పత్తిని విల్లుతో ఏకి దూది చేసినవాళ్లు దూదేకులవాళ్లు. లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అన్నా వాళ్లే. సర్కారు లెక్కలో బీసీ 'బి'. హిందువుల దృష్టిలో వీళ్లు తురకలు. మాలో షరీఫులమనుకునేవాళ్ల దృష్టిలో ఉర్దూ సరిగా రాని సగం ముస్లింలు. రెండు గడపలూ దూరం పెట్టిన ఈ మనుషులే రెండు గడపల మధ్యా పాటను మోశారు.

1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు 'సంగీత కళానిధి' ఇచ్చింది. 1999లో శ్రీరంగంలోనే కన్నుమూశారు. బిరుదులు పెద్దవాళ్లకొచ్చాయి. మిగతా వందలమందికి వచ్చింది పెళ్లిళ్ల సీజను కూలి.

ఆ కూలి మీదికే ఇవాళ డీజే వచ్చింది. మిరపకాయలు యార్డుకెళ్లి, చేతిలో డబ్బాడే ఎండాకాలంలో, మినీ లారీ నిండా స్పీకరు బాక్సులు, జనరేటరు, రంగు లైట్లతో ఊరేగింపు ముందు నిలుస్తోంది. మూడుముళ్ల వేళ గట్టిమేళం కూడా రికార్డులోంచే వినిపించే మండపాలున్నాయి.

డీజేని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. కానీ దాని పుట్టుక కూడా చూడాలి. 1950ల్లో జమైకాలోని కింగ్‌స్టన్ పేదలు, బ్యాండుని పిలుచుకునే స్తోమత లేక, వీధిలో పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులకి ఆడారు. పేదవాడి పండగకి పుట్టిన సాధనం అది. మన కుర్రాళ్లూ ఏడాదంతా చేలల్లో, జిన్నింగు మిల్లుల్లో, మెకానిక్ షెడ్లలో నలిగినవాళ్లే. ఒక రాత్రి ఎగరాలనుకోవడం నేరమా?

మా పెళ్లిళ్లలో ఇంకో తగాదా ఉంది. నిఖాని నలుగురికీ చాటమన్నారు, దఫ్ వాయించవచ్చన్నారు. మిగతా వాద్యాలు కూడదని చాలామంది ఉలేమాలు చెబుతారు. డీజే పెడితే నిఖా చదవమనే పెద్దలూ ఉన్నారు. సరే, హరామనే మాటొక్కటే పట్టుకుంటే, తరతరాలు సన్నాయి ఊది పిల్లల్ని పెంచిన తాతని ఏ లెక్కలో రాస్తారు? ఇంట్లో ఢోలక్ పెట్టుకుని హల్దీ పాటలు పాడిన నానీల గొంతుని ఎక్కడ పాతిపెడతారు?

నా మట్టుకు నాకు తేడా హలాల్, హరాముల్లో కన్నా ఇంకోచోట కనిపిస్తుంది. సన్నాయి ఊదేవాడికి చెవులున్నాయి. ఊదేవాడే నమాజీ అయితే అజాన్ వేళ ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పక్కర్లేదు. చావు జరిగిన ఇంటి ముందు, బాలింత ఉన్న ఇంటి ముందు గొంతు తగ్గించడం మనిషికి తెలుసు. పెట్టెకి తెలియదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్. మనుషులు వాయించిన రోజుల్లో ఈ హద్దులు చాలావరకు మర్యాదలోనే ఉండేవి.

కాబట్టి డీజేని ఎప్పుడు పిలవాలి? నిఖా, విందు ముగిశాక, కుర్రాళ్లు ఆడుకోవడానికి, పదిలోపు పిలవండి. ఎందుకు పిలవాలి? సంతోషం కోసం. పక్కింటివాడి కన్నా పెద్ద బాక్సులు పెట్టామనిపించుకోడానికైతే వద్దు. అప్పు చేసైతే అసలే వద్దు. ఇంకొకరి గుడి ముందో, మసీదు ముందో ఆగి వాళ్లకి వినిపించడానికే అయితే అది పెళ్లి కాదు, కయ్యం.

డీజేకి బయానా ఇచ్చే ముందు ఊళ్లో సన్నాయి సాయిబు ఇంకా ఉన్నాడేమో కనుక్కోండి. హిందువులైనా, ముస్లింలైనా సరే. ఆయన్ని పిలిచి గంటసేపు వాయించమనండి, పూర్తి కూలి చేతిలో పెట్టండి. 'మీరు ఎక్కణ్ణించి వచ్చారు' అని మమ్మల్ని అడిగేవాళ్లకి సమాధానం ఆ గంటలో వినిపిస్తుంది.